తల్లుల పుట: పొట్లములో నుండి పాలసీసా తీసివేశాము

ఈ మాసము మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని మొదలుపెడతాము.

మా స్త్రీల సమాజములో ఒక అలవాటు ఉంది. సంఘములో ఎవరింట పురుడు వచ్చినా ఇద్దరు ముగ్గురము కలిసి బాలింతను చూడబోతాము. ఒక పాట పాడి, ప్రార్థన చేసి, తల్లి చేతిలో చిన్న పొట్లము పెట్టి వస్తాము. ఆ పొట్లములో ఒక సబ్బు, పౌడరు డబ్బా, మెత్తని తువాలు, ఒక పాలసీసా ఉండేవి. చాలా సంవత్సరాలు అలాగే ఇచ్చాము. పాలసీసా లేకపోతే పొట్లము బోసిగా కనిపించేది. ఇచ్చిన మాకూ గొప్పగా ఉండేది, పుచ్చుకున్నవారికీ గొప్పగా ఉండేది.

ఒకసారి పక్క పల్లెలో ఒక కూలి కుటుంబమునకు అలాగే ఇచ్చి వచ్చాము. మూడో నెలలో ఆ బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయని, ఆసుపత్రిలో ఉంచారని తెలిసి చూడబోయాము. బిడ్డ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఏడిస్తే కన్నీరు రావడం లేదు. మంచము పక్కన గూటిలో ఒక పాలసీసా ఉంది. అడుగున విరిగిన పాలు, పీక మీద ఈగలు. ఆ సీసాను మేము గుర్తుపట్టాము. మేమిచ్చినదే. “పాలు చాలడం లేదేమో అనుకున్నానమ్మా, మీరిచ్చిన సీసా ఉంది కదా అని పోతపాలు మొదలుపెట్టాను” అన్నది ఆ తల్లి. మా మీద నేరము మోపి అనలేదు, మామూలుగానే అన్నది. సెలైను ఎక్కించిన తరువాత ఆ బిడ్డ కోలుకున్నది, దేవునికి స్తోత్రము. కాని మేము ఆ రోజు ప్రార్థన చేయబోతే మా నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి చదివి తెలుసుకున్నాము. పాలపొడి, పాలసీసాల ప్రచారమును అడ్డుకోవడానికి మన దేశములో 1992లోనే చట్టము వచ్చింది. 2003లో దానిని ఇంకా గట్టి చేశారు. కంపెనీలు వాటిని పత్రికలలో ప్రకటించకూడదు, అమ్మకాలు పెంచుకోవడానికి తల్లులకు ఉచితముగా పంచకూడదు. కంపెనీ చేయకూడని పనిని మేము వాక్యముతో, ప్రార్థనతో కలిపి చేసి వచ్చాము! అప్పటి నుండి పొట్లములో సీసా లేదు. దాని బదులు ఒక స్టీలు ఉగ్గుగిన్నె పెడుతున్నాము. ఎందుకో తరువాత చెబుతాము.

ముందు ముర్రుపాల సంగతి. మన ఇళ్ళలో గేదె ఈనితే మొదట ఏం చేస్తాము? దూడ తడి ఆరకముందే లేపి పొదుగు దగ్గరకు తోస్తాము. ఆ మొదటి పాలు తాగని దూడ బ్రతకదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అదే ఇంట్లో కోడలు కంటే మాత్రం, పసుపుపచ్చగా జిగురుగా వచ్చిన మొదటి పాలు చెడ్డవని పిండి పారబోసి, మూడో రోజు దాకా బిడ్డ నోట్లో పంచదార నీళ్ళో, తేనెయో, ఆముదమో పోసే పెద్దలు ఇంకా ఉన్నారు. వీధిలోకి గాడిదను తోలుకొని వస్తే ఆ పాలు కొని పట్టేవారూ ఉన్నారు. ఆ పసుపు రంగు పాలలోనే రోగమును ఎదిరించే శక్తి ఎక్కువ. విటమిను ‘ఎ’ కూడా ఎక్కువ. చెంచాడే వస్తున్నాయి, అవేమి చాలతాయని పెద్దమ్మలు అంటారు. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్ట కూడా అంత చిన్నదే. తేనె సంగతి ప్రత్యేకముగా చెప్పాలి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించనే కూడదు. అందులో ఉండగలిగిన ఒక సూక్ష్మజీవి పసిబిడ్డ కడుపులో పెరిగి నరాలను చచ్చుబడేలా చేయగలదు.

బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. ఆపరేషను కాన్పు అయినా సరే, తల్లికి తెలివి వచ్చి ఉంటే పక్కన ఒకరు బిడ్డను పట్టుకొని తాగించవచ్చును. ఇక్కడ ఒక లెక్క మమ్మును ఆశ్చర్యపరచింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశమంతటా నూటికి దాదాపు 89 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయని తేలింది. కాని మొదటి గంటలో తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి 42 మందే. అంటే ఆసుపత్రి దాకా వెళ్ళిన తరువాత కూడా సగము మందికి పైగా బిడ్డలు ఆ మొదటి గంట ఆకలితో ఏడ్చారన్నమాట. కాన్పు గది బయట కూర్చున్న అత్తగారూ, అమ్మగారూ! లోపలి నర్సమ్మను “మగబిడ్డా, ఆడబిడ్డా” అని అడగడంతో ఆగకుండా “పాలు పట్టించారా అమ్మా” అని కూడా అడగండి.

“పాలు పడలేదు”, “పాలు చాలడం లేదు”. మేము దర్శించిన ఇళ్ళలో ఎక్కువగా విన్న మాటలు ఇవే. నిజముగా పాలు చాలని తల్లులు బహు తక్కువ. బిడ్డ తాగే కొద్దీ పాలు ఊరుతాయి. పోతపాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువ తాగుతుంది, తక్కువ తాగితే పాలు తగ్గుతాయి, తగ్గాయని మళ్ళీ సీసా. మొదటి వారము దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రము పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఏడ్చిన ప్రతిసారీ ఆకలే అనుకోవద్దు. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుండి పన్నెండు సార్లు తాగించాలి. చనుమొన చివర మాత్రమే నోట్లో పెడితే పాలు రావు, పైగా మొన పగిలి తల్లి బాధపడుతుంది. బిడ్డ నోరు బాగా తెరిచినప్పుడు చుట్టూ ఉన్న నల్లని భాగము కూడా లోపలికి వెళ్ళేటట్టు పట్టించాలి. గడ్డము రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. ఇది చూపించడానికి అనుభవమున్న ఒక పెద్దమ్మ పది నిమిషాలు పక్కన కూర్చుంటే చాలును. ప్రార్థన చేసి వెంటనే లేచి వచ్చే మాలాంటివారు ఆ పది నిమిషాలు కూర్చోవడం నేర్చుకోవలసి వచ్చింది.

పథ్యము పేరిట బాలింతకు రెండు ముద్దల కారపు అన్నము పెట్టి, దాహమంటే గుక్కెడు నీళ్ళు ఇచ్చే ఇళ్ళలో పాలు ఎక్కడి నుండి వస్తాయి? పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, దాహమైనన్ని నీళ్ళు తల్లికి పెట్టండి. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు కాన్పు తరువాత కూడా ఆరు నెలలు మింగాలి. నీళ్ళు తల్లికి ఇవ్వమన్నాము గాని, ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు చుక్క నీరు కూడా అవసరము లేదు. రోహిణీకార్తె ఎండల్లో కూడా! తల్లిపాలలో ఎక్కువ భాగము నీరే. ఎండాకాలము ఇంకో రెండుసార్లు ఎక్కువగా పాలివ్వండి, అంతే.

మరి కూలికి వెళ్ళే తల్లి సంగతి? ఆరు నెలలు ఇంట్లో కూర్చోమని చెప్పడం మాకు తేలికే. నాట్లు, పత్తితీత, మిరపకోతలు కడుపునింపే పనులు. వాటిని మానమని చెప్పే ధైర్యము మాకు లేదు. ఇక్కడే ఉగ్గుగిన్నె పనికి వస్తుంది. పనికి పోయే ముందు బిడ్డకు తృప్తిగా తాగించి, చేతులు సబ్బుతో కడుక్కొని, ఉడికించిన గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టి నాయనమ్మకు ఇచ్చి వెళ్ళవచ్చును. మన వేడికి నాలుగు గంటల లోపల ఆ పాలు పట్టివేయడం మంచిది. సీసా పీకలో మురికి నిలుస్తుంది, ఉగ్గుగిన్నెను పీచుపెట్టి తోమి వేడినీళ్ళలో ఉడికించవచ్చును. మిరపకోత నుండి వచ్చిన తల్లి, పురుగుమందు కొట్టిన చేలో పనిచేసిన తల్లి, చేతులు, రొమ్ము కడుక్కొని చీర మార్చుకొన్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఎంత ఏడుస్తున్నా సరే.

ఇంత చెప్పాక ఒక పొరపాటు అభిప్రాయము కూడా తీసివేయాలి. “మా బిడ్డ తల్లిపాలు తాగి బలముగా ఉంది, టీకాలెందుకు?” అని ఒక సహోదరి మమ్మును అడిగింది. తల్లిపాలు విరేచనాల నుండి, నిమోనియా నుండి బిడ్డను చాలావరకు కాపాడతాయి, నిజమే. కోరింతదగ్గును, కంఠసర్పిని, ధనుర్వాతమును, పోలియోను, తట్టును నిలువరించే పని మాత్రం టీకాలది. పాల పని పాలు చేస్తాయి, టీకా పని టీకా చేస్తుంది.

పుట్టగానే ఆసుపత్రిలోనే మూడు ఇస్తారు. క్షయకు బి.సి.జి., పోలియో చుక్కలు, కామెర్ల జాతిలో కాలేయమును చెడగొట్టే హెపటైటిస్-బికి సూది. ఈ మూడోది 24 గంటల లోపే పడాలి. తరువాత ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు వెళ్ళాలి. అప్పుడు వేసే పెంటావాలెంట్ ఒక్క సూదిలోనే ఐదు జబ్బులకు మందు ఉంటుంది. దానితోపాటు పోలియో చుక్కలు, విరేచనాల రోటావైరస్ చుక్కలు కూడా ఉంటాయి. పోలియో సూది, నిమోనియా సూది ఆరో వారములోను పద్నాలుగో వారములోను పడి, తొమ్మిదో నెల నిండాక మరోసారి పడతాయి. అప్పుడే తట్టు-రుబెల్లా టీకా మొదటిది, విటమిను ‘ఎ’ మందు. పదహారు నెలలకు, రెండేళ్ళకు మధ్య తట్టు టీకా రెండోది, బూస్టరు డోసులు. ఐదారేళ్ళప్పుడు ఇంకొకటి. ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితము. చాలా చోట్ల బుధవారము, శనివారము వేస్తారు. మీ ఊరి రోజు ఏదో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది.

“చుక్కలు వేశాక అరగంట పాలివ్వకూడదట కదా” అని అడిగేవారు చాలామంది. అవసరము లేదు. ముందూ ఇవ్వవచ్చును, వెంటనే తరువాతా ఇవ్వవచ్చును. పైగా సూది పడేటప్పుడు రొమ్ము పట్టించి ఉంచితే బిడ్డ తక్కువ ఏడుస్తుంది. జలుబో, కొద్దిపాటి దగ్గో ఉందని టీకా వాయిదా వేయనక్కరలేదు. ఒక డోసు తప్పిపోతే మొదటి నుండి వేయరు, ఆగిన చోటు నుండి వేస్తారు. కాబట్టి నర్సమ్మ కోప్పడుతుందేమో అని దాక్కోవద్దు. బి.సి.జి. వేసిన ఎడమ భుజము మీద కొన్ని వారాలకు పొక్కు లేచి పండి మచ్చ పడుతుంది. అది మంచికే, దాని మీద పసుపు, ఆకుపసరు పెట్టవద్దు. పెంటావాలెంట్ తరువాత ఒకటి రెండు రోజులు జ్వరము, తొడ మీద వాపు మామూలే. నర్సమ్మ చెప్పిన కొలతలో జ్వరము మందు పోయండి, పాలు మానవద్దు. జ్వరము రెండు రోజులు దాటినా, ఫిట్సు వచ్చినా, బిడ్డ తాగడం మానివేసినా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. ఈ జ్వరమును చూసి భయపడే చాలామంది తరువాతి డోసుకు రారు.

ఇంకో కారణము ఉంది. దీనిని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. మన ఆడపిల్లలు మొదటి కాన్పుకు పుట్టింటికి వస్తారు కదా. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచి ముహూర్తము చూడకపోయినా, ఏదో ఒక ఆదివారము ఆరాధన చూసుకొని అత్తవారింటికి పంపుతాము. పట్టుబట్టలు, ఉయ్యాల, బియ్యపు మూట అన్నీ బండిలో ఎక్కుతాయి. టీకాల కార్డు మాత్రం పుట్టింటి బీరువాలో ఉండిపోతుంది. పుట్టింటి ఊరి నర్సమ్మ “వెళ్ళిపోయింది” అని రాసుకుంటుంది. అత్తవారి ఊరి నర్సమ్మకు ఈ బిడ్డ పుట్టినట్టే తెలియదు. పద్నాలుగో వారము డోసు సరిగ్గా ఈ రెండు ఊళ్ళ మధ్య పడి పోతుంది. మా సంఘములో కార్డులు తెప్పించి చూసినప్పుడు ఖాళీగా ఉన్న గడులు ఎక్కువగా ఇక్కడే కనిపించాయి. పాలమూరు వైపు నుండి పనులకు వలసపోయే కుటుంబాలదీ ఇదే బాధ. దేశములో ఏ ఊరి ప్రభుత్వ కేంద్రములోనైనా టీకా వేస్తారు. కార్డు బిడ్డ బట్టల మూటలోనే ఉండాలి. చెల్లెళ్ళారా, సారె సర్దేటప్పుడు మొదట ఆ కార్డు పెట్టండి.

తట్టు విషయములో మేము కళ్ళారా చూసినది ఒకటి. మా పరిధిలోని ఒక వాడలో ఒక చిన్నవాడికి మూడో డోసు తరువాత జ్వరము కాస్తే, నాయనమ్మ తొమ్మిదో నెల టీకాకు ఒప్పుకోలేదు. పద్నాలుగో నెలలో ఆ వాడలో తట్టు వచ్చింది. టీకా లేనివారు పదిమంది రోగి దగ్గరలో ఉంటే తొమ్మిదిమందికి అంటుకోగల జబ్బు అది. పిల్లవాడికి పోసింది. “అమ్మవారు” అనే మాట ఆ ఇంట్లో అనరు, విశ్వాసులే. కాని తట్టు పోసిన బిడ్డకు సూది వేయించకూడదు, బయటికి తీసుకుపోకూడదు అనే పాత భయము మాత్రం పోలేదు. డొక్కలెగరేస్తున్నప్పుడు గాని ఆసుపత్రికి తీసుకొని పోలేదు. బ్రతికాడు. చెవిలో చీము చాలాకాలము కారి, ఒక చెవి సరిగా వినిపించదు. ఇప్పుడు ఆదివారపు బడిలో ముందు వరుసలో కూర్చుంటాడు, రెండో చెవి మా వైపు తిప్పి. ఆ నాయనమ్మను మేము ఎన్నడూ మాట అనలేదు. ఆమె ఆ పిల్లవాడిని ప్రేమించినంతగా మేమెవ్వరమూ ప్రేమించలేదు.

“ప్రార్థన ఉండగా టీకా ఎందుకు, అది అవిశ్వాసము కాదా” అని అడిగే సహోదరులు ఉన్నారు. వారిని ఎగతాళి చేయము. హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. ఆ మీదటనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. రెండవ రాజులు ఇరువదవ అధ్యాయము తీసి చదువుకోండి. వైద్యము ప్రార్థనకు శత్రువైతే డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో అంత దూరము నుండి గుంటూరుకు వచ్చి, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచి ఉండేవారు కారు. మన ముందు తరాలవారు మశూచి మచ్చల ముఖాలతో బ్రతికారు. 1975 తరువాత మన దేశములో ఆ జబ్బు పుట్టలేదు. పోలియో ఆఖరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాలు హౌరా జిల్లాలో కనిపించింది. 2014 మార్చి 27న మన ప్రాంతపు దేశాలకు పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది. ఆ చుక్కలు వేయించిన తల్లులలో ప్రార్థించినవారు ఎందరో ఉన్నారు.

మా సంఘములో ఇప్పుడు రెండు పనులు జరుగుతున్నాయి. టీకాల రోజుకు ముందు ఆదివారము ప్రకటనలలో, పెళ్ళి ప్రకటనల తరువాత, ఆ వారము రావలసిన బిడ్డల తల్లులకు గుర్తు చేస్తారు. బిడ్డను ప్రతిష్ఠకు గాని బాప్తిస్మమునకు గాని తెచ్చేటప్పుడు కార్డు కూడా తెమ్మంటాము. కార్డు లేదని ఎవరినీ తిప్పి పంపము. ఆరాధన అయ్యాక మాలో ఒకరు పక్కన కూర్చొని ఖాళీ గడులు చూస్తారు, అవసరమైతే బుధవారము తోడుగా వెళతారు. మొదట్లో కాపరిగారు కొంచెము సందేహించారు గాని, తన మనుమరాలి కార్డులోనే రెండు గడులు ఖాళీగా ఉండటం చూశాక ప్రకటన తానే చదువుతున్నారు.

విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన ఆ బిడ్డ తల్లి కూడా ఇప్పుడు మాతో వస్తుంది. బాలింత ఇంట్లో మేము పాట ఎత్తుకునే లోపే ఆమె వెళ్ళి తల్లి పక్కన కూర్చుంటుంది. “ఏదీ, పట్టించు చూద్దాం” అంటుంది.

వచ్చే మాసము ఆరు నెలలు నిండిన బిడ్డకు ఉగ్గు, మెత్తని పప్పన్నము, గుడ్డు ఎలా మొదలుపెట్టాలో, ఎంతెంత పెట్టాలో వ్రాస్తాము. మీ ఇళ్ళలో ఉగ్గు ఎలా కాచేవారో, ఏయే గింజలు వేసేవారో పెద్దమ్మలు మాకు ఉత్తరము వ్రాస్తే సంతోషిస్తాము.